వంటావార్పుకు పోయిన నా రెక్క

మా ఇండ్లల్ల ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. పసిపిల్లలప్పుడు ముట్టుకుంటరు, బాలింతప్పుడు ముట్టుకుంటరు, సచ్చినంక ఆఖరి నీళ్లు పోసేటప్పుడు ముట్టుకుంటరు. నడుమల ఉన్న బతుకంతా ఎవరి ఒళ్లు వాళ్లదే. మొగుడు ముట్టుకుంటడు గని అది ఆయన అవసరం. గీ మాట రాస్తే మా చుట్టాలు ఏమనుకుంటరో అని మస్తు దినాలు ఆగిన. అనుకోనీ. నా కుడి రెక్క ఇప్పటికీ చెవి దాటి పైకి లేవదు. అది ఎందుకు లేవదో మా ఆయన ఊరంతా ఒక తీరుగ చెప్పుకున్నడు. అసలు ముచ్చట నేను చెప్తా.

మేము నల్లగొండ దిక్కు నుంచి బతకొచ్చినోళ్లం. ఎల్‌బీ నగర్ల, చంపాపేట్ పోయే తొవ్వకు లోపల ఒక గల్లీల కిరాయికి ఉంటుంటిమి. మా ఆయన ఆటో నడిపేటోడు. నేను దిల్‌సుఖ్‌నగర్ల ఒక ఆడపిల్లల హాస్టల్ల వంట చేసేదాన్ని. బ్యాంకు కోచింగని, టీచరు కోచింగని ఊర్ల నుంచి వచ్చిన పిల్లలు, పొద్దుగాల ఉప్మా తింటరు, పొద్దూకితే చపాతి తింటరు. ఉప్మాతోని నాకు గొడవ లేదు. చపాతీలతోనే చచ్చేదాన్ని. పిండి పిసుకుడు, ఒత్తుడు, కాల్చుడు, మల్ల ఒత్తుడు. ఒక పిల్ల వచ్చి "ఆంటీ, నాకు ఇంకోటి" అంటే నవ్వుకుంట వేసేదాన్ని, లోపల మాత్రం నీ కడుపు గాల అనుకునేదాన్ని.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న దినాలవి. ఒకనాడు పొద్దుగాల తల దువ్వుకుందామని చెయ్యి లేపితే, చెవి కాడికి వచ్చి ఆగిపోయింది. ఎంత లేపినా ఆడనే. రైక తొడుక్కునుడే ఒక పెద్ద యుద్ధమైంది. పండుకుంటే ఆ పక్కకు తిరగరాదు. దవాఖానకు పోతే భుజం బిగిసిందన్నరు. గోలీలిచ్చిండ్రు. గోడకు ఎదురుంగ నిలబడి వేళ్లు మెల్లగ పైకి పాకియ్యమన్నరు, నూనె పెట్టి ఎవరితోనన్న రుద్దిచ్చుకుంటే ఇంక మంచిది అన్నరు. మా ఆయనను అడిగిన. "పొద్దంతా హ్యాండిల్ పట్టిన చేతులే ఇవి, నాకే గుంజుతున్నయ్, నీకేం రుద్దాలె" అన్నడు. అనుడు అయిపోయినంక టీవీ పెట్టుకున్నడు.

హాస్టల్ మేడం మంచిగనే అడిగింది. "చెయ్యి బాగవుతుందా లేదా చెప్పమ్మా, లేకపోతే నేను వేరే మనిషిని చూసుకోవాలి కదా" అన్నది. ఆమె అన్నదాంట్ల తప్పేం లేదు. చెయ్యి లేస్తేనే పని, పనుంటేనే నా చేతుల నాది అనేది ఏదన్న ఉంటది. ఆ కొలువు పోతే కూరగాయలకు గూడ మా ఆయన మొహం చూడాలె. గందుకే గా భుజం మీద నాకు అంత బుగులు పట్టుకున్నది.

మా పక్క పోర్షన్ల ఒక ఆంధ్ర పెద్దామె ఉండేది. గోదావరి దిక్కు ఊరు. మొగుడు ఎన్నడో పోయిండు. బాలింతలకు, పసిపిల్లలకు నూనె పెట్టి నీళ్లు పోసుడే ఆమె పని. చంపాపేట్ నుంచి బడంగ్‌పేట్ దాంక ఎవరింట్ల పురుడైనా ఆమెకే కబురు. తెలంగాణోళ్లు, ఆంధ్రోళ్లు, చర్చికి పోయేటోళ్లు, అందరి పిల్లలు ఆమె చాపిన కాళ్ల మీద పండుకొని ఏడ్చినోళ్లే. నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. మా తీరు మాట ఆమెకు రాలేదు, ఆమె తీరు మాట నాకు రాలేదు. అయినా గోడకు ఈ పక్క నేను, ఆ పక్క ఆమె, దినమంత ముచ్చటే.

ఒకనాడు ఎడమ చేత్తోని తీగె మీద బట్టలు ఎండేస్తుంటే తడి చీర జారి దుమ్ముల పడ్డది. ఇంక నాకు కోపం ఆగలె. చీరను తిట్టిన, తీగెను తిట్టిన, ఆ తీగెను అంత ఎత్తుల కట్టిన ఓనరును తిట్టిన.

"ఏమ్మాయ్, ఆ చీరేం చేసిందే పాపం?" అన్నది పెద్దమ్మ తలుపు కాడ నిలబడి. "చెయ్యి లేవట్లేదా?"

"లేస్తలేదు పెద్దమ్మ. చానా దినాలైంది."

"చానా దినాలైతే, పక్కింట్లో నేనొకదాన్ని ఏడ్చానన్న సంగతి గుర్తు రాలేదూ? రా లోపలికి."

"నేనేమన్న బాలింతనా పెద్దమ్మా, నూనె పెట్టిచ్చుకోనీకి?"

"బాలింతలకే ఒళ్లుంటుందా ఏంటి?" అన్నది.

చాప పరిచింది. నువ్వుల నూనెల వాము, ఎల్లిపాయ వేసి కాచింది. భుజం మీద చెయ్యి పెడుతదని నేను పండ్లు బిగవట్టి కూసున్న. ఆమె భుజం జోలికే పోలేదు. నా అరచెయ్యి తీసుకొని ఆమె ఒళ్లె పెట్టుకున్నది. వేలు వేలు నడుమ బొటనవేలుతోని ఒత్తింది. తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి. "భుజం పైన పెద్దమ్మా, కింద గాదు" అన్న. "తెలుసులేవే. అది బెదిరిపోయి ఉంది. ముందు నేనెవరో దానికి తెలియాలి కదా" అన్నది. గా మాటకు నవ్వొచ్చింది. నవ్వుకుంటనే ఏడుపొచ్చింది. ఆగుతలేదు. నొప్పి పుట్టిందేమో అని ఆమె చెయ్యి ఆపింది. నొప్పి గాదు. నా దగ్గర ఏమీ అడగకుండ ఒక మనిషి నా చెయ్యి అంతసేపు పట్టుకున్నది. గట్ల ఎవరన్న పట్టుకొని ఎన్నేండ్లైందో నాకు యాదికి రాలేదు. మా అమ్మ గూడ పెండ్లినాడు ఒక్కసారి తల మీద చెయ్యి పెట్టింది, గంతే.

ఏడ్చేదాంక ఏడ్వనిచ్చి, మల్ల షురూ చేసింది. అయినంక బాత్రూంల పీట వేసి కూసోబెట్టి, చెంబుతోని వేడినీళ్లు భుజం మీద మెల్లగ పోసింది. మాలిష్ చేసినోళ్లే నీళ్లు పొయ్యాలట, సొంతంగ పోసుకోవద్దట, వాళ్ల దిక్కు ఆనవాయితీ. "సిగ్గెందుకే, నీలాంటోళ్లని వందమందిని చూశాను" అన్నది. ఆ రాత్రి ఎట్ల నిద్రపోయిన్నో నాకే తెల్వదు. పొద్దుగాల లేస్తే మా ఆయన ఛాయ కోసం గిన్నెలు చప్పుడు చేసుకుంట నిలబడ్డడు. మొదటిసారి ఆయన నా కంటె ముందు లేచిండు.

ఆనాటి సంది మంగళారం, శుక్రారం ఇడిచిపెట్టి దినం నూనె పెట్టేది. చెయ్యి చెవి దాటింది, నొసలు దాటింది. ఒకనాడు నెత్తి మీద పెట్టుకొని "పెద్దమ్మా, సూడు" అని ఒర్లిన. ఆమె చప్పట్లు కొట్టింది. ఒక్క రెక్క గాదు, ఒళ్లంత మారింది. హాస్టల్ల పిల్లలు "ఆంటీ, ఈ మధ్య తిట్టట్లేదేంటి?" అని అడిగిండ్రు. ఆకలి అయ్యేది. ఊకె కారణం లేకుండ వచ్చే ఏడుపు పోయింది. మా ఆయన మీద కోపం మాత్రం పోలేదు, ఇంక ఎక్కువైంది. ఇంత చిన్న పనికి మనిషి ఇట్ల బతుకుతదా, మరి గీ పని నువ్వెందుకు చెయ్యలేదు రా అని అనిపించేది.

పెద్దమ్మ నూనె రుద్దుకుంట ఉద్యమం ముచ్చట గూడ తీసేది. "జెండా మీ ఆయన మోస్తుంటే భుజం నీకు పట్టేసిందేమిటే?" అనేది. నేను గూడ ఊకునేదాన్ని గాదు. మా ఊరి బోరు నీళ్ల ముచ్చట చెప్పిన. ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి మా అత్త ఎముకలు ఒంగినయ్, నేలను చూసుకుంట నడుస్తది, ఆకాశం చూడాలంటే మంచం మీద పండుకోవాలె. గా నీళ్ల కోసమే మా ఆయన జెండ పట్టిండు. దాంట్ల అబద్ధం లేదు. తెలంగాణ నాకు గూడ కావాలె, ఇప్పటికీ గదే మాట అంటా. పెద్దమ్మ ఇని, "మీ రాష్ట్రం మీరు తెచ్చుకోండమ్మా, నన్ను మాత్రం ఉండనివ్వండి" అన్నది. "నిన్నెవరు పొమ్మన్నరు పెద్దమ్మా" అన్న. నిజంగనే అన్న.

ఒకనాడు చౌరస్త కాడ ర్యాలీల మా ఆయన వీపు మీద లాఠీ పడ్డది. వాతలు తేలినయ్. ఇంటికొచ్చి బోర్ల పండుకొని "నీకు మంచిగైతుంది గద, గట్లనే నాక్కూడ పెట్టు" అన్నడు. పెట్టిన. పాపం అనిపించింది, ఎందుకనిపియ్యదు. దినం పెట్టిచ్చుకున్నడు. ఆయన వీపు మంచిగైంది, నా రెక్క మల్ల గుంజుడు షురూ అయింది. పెద్దమ్మకు తెలిసి నెత్తి కొట్టుకున్నది. "మీ ఆయన వీపు రుద్దడానికా నేను నీ చెయ్యి బాగు చేస్తున్నది? ఇలాగైతే నీ భుజానికి నేనే దండం పెట్టాలి" అన్నది.

గప్పుడు వచ్చింది వంటావార్పు. తెల్వనోళ్లకు చెప్తున్న: రోడ్డు మీదనే పొయ్యి పెట్టి, బండ్లు ఆపి, అందరికి వండి, ఆడనే కూసొని తినుడు. మా గల్లీల ఆటోలోళ్లంత కలిసి ఎల్‌బీ నగర్ల పెడతమన్నరు. మీటింగుల మా ఆయన లేచి, "వంట ముచ్చట మీరు పరేషాన్ కాకుండ్రి, మా ఇంటిది హాస్టల్ల వందమందికి వండుతది" అన్నడట. అందరు చప్పట్లు కొట్టిండ్రట. నన్ను అడిగింది లేదు. ఇంటికొచ్చి చెప్పిండు, అది గూడ నాకు సన్మానం చేస్తున్నట్టు చెప్పిండు.

"రెక్క ఇంక కుదురుకోలేదు, గా గంజులు నేనెట్ల లేపాలె?" అన్న.

"ఒక్కదినమే గదనే. పిల్లలు ప్రాణాలిస్తున్నరు, నువ్వు రెక్కియ్యలేవా?" అన్నడు.

తెల్లారి నల్ల కాడ నీళ్లు పట్టేటప్పుడు పెద్దమ్మ ఆయనతోనే అన్నది. నేను పక్కనే ఉన్న. "బాబూ, అమ్మాయిని వంటావార్పుకి తీసుకెళ్లకు. ఇప్పుడిప్పుడే భుజం విడుతోంది. ఆ గంగాళాలు ఎత్తిందంటే మళ్లీ బిగుసుకుంటుంది, ఇంక నా వల్ల కూడా కాదు" అన్నది. గంతే. ఇంతకు ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. మా ఆయన అన్ని మాటలు మంచిగనే ఇన్నడు. గని మాట్లాడింది ఆంధ్రామె. భుజం ముచ్చట ఆయనకు సాకు లెక్క కనబడ్డది. ఉద్యమం ఆపనీకి ఆంధ్రోళ్లు పన్నిన కుట్ర మా ఇంటి నల్ల కాడికే వచ్చిందనుకున్నడు. బాలింతలు "మూడు దినాలు లేవకు" అని ఆమె చెప్తే దండం పెట్టి ఇంటరు. గదే నోటితోని నాకు చెప్తే రాజకీయమైంది.

ఛాయ హోటల్ల కూసొని ఆయన అన్నడట, "సెటిలరమ్మ మన ఆడోళ్లను వంటావార్పుకు పోవద్దంటున్నది" అని. "మన ఆడోళ్లు" అట. నేనొక్కదాన్ని గల్లీ ఆడోళ్లంత ఎప్పుడైన్నో! పొద్దూకేసరికి గేటు కాడ మంది. కొట్టనీకి రాలేదు, అబద్ధం చెప్పొద్దు. నిలదీయనీకి వచ్చిండ్రు. ఇంటి ఓనరు గూడ చేతులు కట్టుకొని వాళ్ల పక్కనే నిలబడ్డడు.

"ఏం పెద్దమ్మా, మావోళ్లను ఆపుతున్నవట?"

"అయ్యో, నేను భుజం గురించి చెప్పాను నాయనా. ఉద్యమం గురించి నాకేం తెలుసు?"

"భుజమట!" అని ఒకడు నవ్విండు. "రేపు మోకాలు నొస్తదని ర్యాలీ బంద్ చేపిస్తది."

నేను బయటకొచ్చి ఒర్లిన. "ఆమె చెప్పింది నా రెక్క గురించే! ఇగో సూడుండ్రి, గీ రెక్కే! మీకు కండ్లు లేవా?" అని చెయ్యి లేచినకాడికి లేపి చూపిచ్చిన. మా ఆయన "నువ్వు లోపలికి నడు" అన్నడు. నేను నడువలేదు. అందరు నా దిక్కు చూడకుండ ఆయన దిక్కు చూసిండ్రు. ఓనరు గొంతు సవరిచ్చుకొని, "లొల్లి ఎందుకు గని, రేపు ఈమె వంటకు వస్తదా రాదా, గది చూస్తే అర్థమైతది గద" అన్నడు. మస్తు తెలివి మాట చెప్పినట్టు అందరు తలలూపిండ్రు.

నా గతి గట్ల తయారైంది. పోతే నా రెక్క పోతది. పోకుంటే పెద్దమ్మ పోతది. నేను ఇంట్ల కూసుంటే, చూసిండ్రా, ముసలామె ఆపనే ఆపింది అంటరు. మా ఆయనకు ఈ సంగతి అర్థం చేయిద్దామని మస్తు చూసిన. "నువ్వొచ్చి వండు, అన్నీ సర్దుకుంటయ్" అన్నడు. ఆయనకు సర్దుకుంటయ్. ఆయన రెక్క గాదు గద.

పోయిన.

బగారన్నం, టమాట పప్పు. మొగోళ్లు పొయ్యిలకు రాళ్లు తెచ్చి పెట్టిండ్రు, ఆడికి వాళ్ల పని అయిపోయింది. తర్వాత డప్పులు, పాటలు, ఉపన్యాసాలు. మేము ఆడోళ్లం పొగల కండ్లు తుడుచుకుంట గంటెలు తిప్పినం. కెమెరా పట్టుకున్నాయన ఒకడు వచ్చి "అక్కా, గంటె జర పైకెత్తి నవ్వు" అన్నడు. ఎడమ చేత్తోని ఎత్తిన. అన్నం గంజు దించేటప్పుడు మొగోళ్లను పిలిచిన. ఎవడూ ఇనలే, అప్పుడే ఎవరో పెద్ద లీడరు వచ్చిండు, అందరు ఆడికి ఉరికిండ్రు. అడుగంటుతుంది. అంత మంది తినే అన్నం. ఇంకో ఆమె ఒక చెవి పట్టుకున్నది, నేను ఒక చెవి పట్టుకున్న. లేపినం. లోపల ఏదో పుటుక్కుమన్నది. కండ్ల ముందు నల్లగైంది. గంజు మాత్రం ఇడువలె, దించినంకనే కూలబడ్డ. అందరు తిన్నరు. అన్నం మంచిగైందన్నరు.

ఇంటికి రాంగనే మా తలుపు తియ్యలె, పెద్దమ్మ తలుపు కొట్టిన. నా రెక్క వేలాడుడు చూసి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"వెళ్లావా?"

"పోకుంటే నువ్వే ఆపినవంటరు పెద్దమ్మా. గందుకే పోయిన."

"నా కోసమా? అయ్యో పిచ్చిదానా" అన్నది. చాప దిక్కు చూసింది. నా రెక్క దిక్కు చూసింది. ముట్టుకోలేదు. "ఇవాళ నేను ముట్టుకుంటే, రేపు చెయ్యి లేవకపోతే ఆ నింద కూడా నామీదే వేస్తారు. భయమేస్తోందమ్మాయ్" అన్నది.

"తలుపు పెట్టుకుందాం పెద్దమ్మా. ఎవరికి తెలుస్తది?"

"ఇన్నేళ్లూ తలుపు తీసి పెట్టుకునే చేశానే ఈ పని. దొంగతనంగా ఎప్పుడూ చెయ్యలేదు" అన్నది. ఇద్దరం గడపకు ఆ పక్క ఒకరం, ఈ పక్క ఒకరం కూసొని ఏడ్చినం. ఆమె చెయ్యి నా దాంక రాలేదు. ఆ రెక్క నొప్పి కంటె గదే నాకు ఎక్కువ నొచ్చింది.

తర్వాత ఆమెకు కబుర్లు తక్కువైనయ్. బడంగ్‌పేట్ల ఒక బాలింత అత్త "ఇప్పుడొద్దులే, తర్వాత చెప్తం" అని పంపింది. ఇంకో ఇంట్ల పసిపిల్లను ఆమె కాళ్ల మీద వేసినంక మల్ల తీసుకున్నరట. కొన్ని దినాలకు ఆమె తమ్ముని కొడుకు డీసీఎం బండి తీసుకొని వచ్చిండు. సామాను ఎక్కిచ్చుకొని పోయింది. పోయేటప్పుడు నాకు చెప్పనీకి వచ్చింది, అప్పుడు గూడ దూరంకెల్లే చెప్పింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. మా గల్లీల ఇప్పటికీ గదే గొప్పగ చెప్పుకుంటరు, మేము ఎవరినీ ఎల్లగొట్టలేదని.

నా రెక్క చెవి కాడనే ఆగిపోయింది. హాస్టల్ల చపాతీలకు వేరేటామె వచ్చింది. కొన్నాళ్లు నాతోని కూరగాయలు కోపిచ్చిండ్రు, తర్వాత అది గూడ వద్దన్నరు.

తెలంగాణ వచ్చిన దినం గల్లీ అంత రంగులే. డప్పులు, పటాకులు, స్వీట్లు. మా ఆయనను భుజాల మీద ఎత్తుకొని తిప్పిండ్రు. నేను గూడ బయటికొచ్చిన, నవ్విన, కండ్లల్ల నీళ్లొచ్చినయ్. మా అత్త యాదికొచ్చింది. అందరు చేతులెత్తి జై తెలంగాణ అంటున్నరు. నా కుడి చెయ్యి లేవలె. పక్కన ఒక పోరి అడిగింది, "చెయ్యెత్తవేంది అక్కా, తెలంగాణ రావుడు నీకిష్టం లేదా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నడు. అందరికి ఇనబడేటట్టు చెప్పిండు. "గది గాదమ్మా. మా పక్క పోర్షన్ల ఆంధ్రామె ఉండె. మాలిష్ అని చెప్పి మా ఇంటిదాని రెక్క ఖరాబు చేసి పోయింది." అందరు అయ్యో అన్నరు. ఒకామె గా ముసలామెను తిట్టింది గూడ.

నా ఒళ్లు మండింది. ఎడమ చెయ్యి లేపి జై తెలంగాణ అన్న, అందరి కంటె గట్టిగ అన్న. రాష్ట్రం ఆయనొక్కనిదే గాదు.

పొద్దూకినంక ఆయన ఇంటికొచ్చి బోర్ల పండుకున్నడు. మొహం నిండ రంగు. ఎగిరి ఎగిరి ఒళ్లు పులిసిందట.

"వీపు గుంజుతుందే, జర మాలిష్ చెయ్యి" అన్నడు.

"నా రెక్క ఖరాబైంది గద. పొద్దుగాల ఊరందరికి నువ్వే చెప్పినవ్" అన్న.

ఆయన తల లేపి నా దిక్కు చూసిండు. నేను గూడ చూసిన. తర్వాత మల్ల బోర్ల పండుకున్నడు.